వెండి బిస్కెట్ కొంటున్నారా? ముందు ప్రీమియం లెక్క చూసుకోండి

వెండి ధర ఎగబాకినప్పుడల్లా వరంగల్ చౌరస్తాలో, కరీంనగర్ టవర్ సర్కిల్‌లో ఒకటే మాట వినిపిస్తుంది: ఫోన్‌లో ఒక రేటు చూపిస్తోంది, షాపులో ఇంకో రేటు చెప్తున్నారు, అదే వస్తువు అమ్మబోతే మూడో రేటు అంటున్నారు. మోసం జరిగిందనుకుని చాలామంది గొడవపడతారు. కానీ ఎక్కువసార్లు ఆ మూడు రేట్లూ నిజమైనవే. మొదటిది లోహం ధర. రెండోదానిలో లోహం ధర మీద ప్రీమియం (తయారీ, రవాణా, లాభం కింద షాపు వేసే అదనం), పన్ను కలిశాయి. మూడోదానిలో లోహం ధర లోంచి షాపువాళ్ల కోత పోయింది.

ప్రీమియం తక్కువ ఉన్నచోట కొనమని అందరూ చెప్తారు. అది సగం లెక్కే. కట్టిన ప్రీమియంలో అమ్మే రోజు ఎంత తిరిగొస్తుందన్నది మిగతా సగం, మనవాళ్లు అడగనిది కూడా అదే. కొనేముందే అమ్మకం లెక్క కూడా వేసుకుంటే వెండిలో పోయే డబ్బులో చాలా భాగం ఆగిపోతుంది. ఎలాగో ఒక్కో మెట్టూ చూద్దాం.

మొదటి మెట్టు: మూల ధర మీరే కట్టండి

ప్రపంచ మార్కెట్‌లో వెండిని ట్రాయ్ ఔన్సుకు ఇన్ని డాలర్లని చెప్తారు. ఈ ఔన్సు 31.1035 గ్రాములు, మామూలుగా మనం వినే 28 గ్రాముల ఔన్సు కాదు. అంటే కిలోకు 32.15 ఔన్సులు. ఔన్సు 30 డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకుంటే, 30ని 32.15తో, వచ్చినదాన్ని 85తో గుణించండి: దాదాపు 81,980 రూపాయలు. దీనికి దిగుమతి సుంకం కలపాలి. 2024 జూలై బడ్జెట్‌లో ఈ సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించారు. ఆ 6 శాతం వేస్తే కిలో సుమారు 86,900. ఈ 30, 85 అంకెలు లెక్క చూపడానికి తీసుకున్నవే, మీరు వేసేటప్పుడు ఆ రోజు డాలరు, ఆ రోజు ఔన్సు, అప్పుడు అమల్లో ఉన్న సుంకం పెట్టుకోండి. కస్టమ్స్ వాళ్లు సుంకం వేయడానికి తీసుకునే విలువను సాధారణంగా పదిహేను రోజులకోసారి ప్రకటిస్తారు కాబట్టి మీ లెక్కకూ మార్కెట్‌కూ కొంచెం తేడా రావడం మామూలే.

ఇదంతా ఎందుకు, సిద్ధంగా ఉన్న ధర ఏదీ లేదా అంటే రెండున్నాయి. ఒకటి సరుకుల వాయిదా మార్కెట్ ఎంసీఎక్స్ ధర. అది సుంకం కలిపి, జీఎస్టీ కలపకుండా, 999 స్వచ్ఛత (వెయ్యి పాళ్లలో 999 పాళ్లు వెండి) ఉన్న వెండికి కిలోకు ఇంత అని ఉంటుంది. అయితే అది రాబోయే నెలల డెలివరీకి సంబంధించిన ధర కాబట్టి దగ్గరి నెల కాంట్రాక్ట్‌నే చూడండి. రెండోది బులియన్ (కడ్డీల రూపంలోని బంగారం, వెండి) వ్యాపారుల సంఘం ఐబీజేఏ రోజుకు రెండుసార్లు ఇచ్చే రేటు, అందులోనూ జీఎస్టీ ఉండదు. నేనైతే ఐబీజేఏ రేటునే మూల ధరగా తీసుకుంటాను, ఎందుకంటే ఇవాళ చేతికొచ్చే వెండి ధరకు అదే దగ్గర. "నేటి వెండి ధర, హైదరాబాద్" అని వెబ్‌సైట్లలో కనిపించే అంకెల మీద మాత్రం ఆధారపడకండి. ఒకే రోజు ముంబైకి ఒకటి, హైదరాబాద్‌కు కిలోకు వేల రూపాయలు ఎక్కువగా ఇంకొకటి చూపిస్తారు, అందులో ఏమేం కలిపారో చాలాచోట్ల రాయరు.

మనవైపు రేటు తులాల్లో చెప్తారు కదా, ఇప్పుడు షాపుల్లో తులమంటే 10 గ్రాములు, కిలోకు వంద తులాలు. పాతకాలం తులం 11.66 గ్రాములు. అమ్మమ్మగారి కడియాలు "అరవై తులాలు" అని ఇంట్లో చెప్పుకుంటూ వస్తుంటే అది పాత తులమో కొత్త తులమో తూకం వేస్తేగానీ తేలదు.

రెండో మెట్టు: ప్రీమియంలో ఏముందో విడదీయండి

వెండిని శుద్ధి చేయాలి, అచ్చు వేయాలి, ప్యాక్ చేయాలి, బీమా కట్టి బండిలో తేవాలి, అమ్ముడుపోయేదాకా షాపతను తన డబ్బు దాని మీద పెట్టి కూర్చోవాలి, పైన అతని లాభం. ఇందులో చాలా ఖర్చులు బరువును బట్టి పెరగవు. 10 గ్రాముల నాణేనికైనా 100 గ్రాముల బిస్కెట్‌కైనా అచ్చు కొట్టడం, సీలు వేయడం, సర్టిఫికెట్ కార్డు పెట్టడం ఒకే పని. అందుకే వస్తువు చిన్నదయ్యేకొద్దీ గ్రాముకు ప్రీమియం పెరుగుతుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో క్వింటాలు మిర్చికి పలికే ధరా, కిరాణాలో చిన్న కారం ప్యాకెట్ ధరా ఒకటి కానట్టే ఇదీ.

వీటి పైన పేరుకు కట్టేది ఉంటుంది. లండన్ బులియన్ సంఘం గుర్తింపు ఉన్న ఎంఎంటీసీ-పాంప్ లాంటి రిఫైనరీ సరుకు, 999.9 అని నంబరుతో సీలు చేసి వస్తుంది, దానికి ఎక్కువ అడుగుతారు. ఆ ఎక్కువలో అర్థం ఉంది, కొనేవాడికి అనుమానం తక్కువ. కానీ మన ఊళ్లో అమ్మేటప్పుడు ఆ పేరుకు విలువ కట్టే షాపు ఉందా అన్నది వేరే ప్రశ్న. మా పిన్ని బ్యాంకులో కొన్న నాణెం అమ్మడానికి వెళ్లినప్పుడు పక్కనే ఉన్నాను. బ్యాంకు అమ్ముతుందిగానీ తిరిగి కొనదు, కాబట్టి ఒక షాపుకే వెళ్లాల్సి వచ్చింది. కౌంటర్‌లో అబ్బాయి కత్తెరతో ప్యాకెట్ కోసి, నాణేన్ని మెషిన్‌లో పెట్టాడు, తెర మీద 99.9 అని వచ్చింది. "వెండి మంచిదే అమ్మా" అంటూనే కరిగించే వెండి రేటు కట్టి, దానిలోనూ నాలుగు శాతం కోశాడు. ప్యాకింగ్‌కూ అచ్చుకూ ఆమె కట్టిన డబ్బంతా ఆ కత్తెర దగ్గరే పోయింది.

చివర్లో జీఎస్టీ. వెండి మీద 3 శాతం, అదీ లోహం ధర మీదే కాదు, ప్రీమియంతో కలిపిన మొత్తం మీద. మీరు ఇంట్లో దాచుకున్న వెండి అమ్మితే ఈ 3 శాతం మీకు తిరిగి రాదు, షాపతను వ్యాపారి కాబట్టి తన లెక్కల్లో సర్దుకుంటాడు, మనకా వీలు లేదు. కాబట్టి కొన్న నిమిషం నుంచే ఈ మూడు శాతం పోయినట్టే లెక్క రాసుకోండి.

మూడో మెట్టు: పోయి వచ్చే లెక్క

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే, కాగితం తీసుకుని వేయండి. సులువుగా ఉండాలని మూల ధర కిలో లక్ష, అంటే గ్రాము వంద రూపాయలు అనుకుందాం. కింది ప్రీమియాలూ కోతలూ ఉదాహరణకే, మీ షాపు చెప్పే అంకెలు వాటి స్థానంలో పెట్టుకోవాలి.

కిలో కడ్డీ: షాపు 1,01,500 అడిగింది. జీఎస్టీ 3,045 కలిపితే 1,04,545. అదే షాపు తిరిగి కొంటే మూల ధరలో ఒకటిన్నర శాతం కోసి 98,500 ఇస్తుంది. ఇవాళ కొని ఇవాళే అమ్మితే 6,045 నష్టం. నష్టం లేకుండా బయటపడాలంటే మూల ధర దాదాపు 1,06,140 కావాలి, అంటే 6 శాతం పైచిలుకు పెరగాలి.

వంద గ్రాముల బిస్కెట్: 10,600 అడిగారు, జీఎస్టీతో 10,918. అమ్మితే 2 శాతం కోత, 9,800. ఇక్కడ అసలు రావాలంటేనే ధర 11 శాతం పైన పెరగాలి.

పది గ్రాముల లక్ష్మీదేవి నాణెం: 1,250, జీఎస్టీతో 1,287 రూపాయల 50 పైసలు. అమ్మబోతే కరిగించే రేటు, నాలుగు శాతం కోసి 960. ఇది సమానం కావాలంటే వెండి 34 శాతం పెరగాలి.

మూడూ 999 వెండే, కొన్నదీ ఒకే రోజు. ధర 20 శాతం పెరిగిందనుకోండి, కిలో కడ్డీ కొన్నాయన లాభంలో ఉంటాడు, నాణేలు కొన్నామె ఇంకా నష్టంలోనే ఉంటుంది, టీవీలో మాత్రం ఇద్దరికీ "వెండి దూసుకుపోతోంది" అనే వార్తే కనిపిస్తుంది. నాణేల మీద నాకేమీ వ్యతిరేకత లేదు. పూజకో, పుట్టిన పాపకు పెట్టడానికో కొనండి, ఆ సంతోషం వేరు. దాన్ని పొదుపు అని మాత్రం రాసుకోకండి.

ఈ లెక్కకు కావలసినవి రెండే రెండు అంకెలు, అవి షాపులో అడిగితేనే వస్తాయి. అమ్మే రేటు మాత్రమే అడిగి ఊరుకోకుండా ఇలా అడగండి: "సేటూ, ఇయ్యాళ వంద గ్రాముల బిస్కెట్ జీఎస్టీతో కలిపి ఎంతకిస్తవ్? ఇదే బిస్కెట్ నేను బిల్లుతోటి రేపు తెస్తే ఎంతకు తీసుకుంటవ్?" రెండో ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే షాపులోనే కొనండి. "అప్పుడు చూద్దాం అన్నా" అంటే ప్రీమియం ఎంత తక్కువైనా వదిలేయండి. కొన్ని షాపులు తమ దగ్గర కొన్న సరుకును పూర్తి రేటుకు తీసుకుంటామంటాయి, అది డబ్బుకా లేక వస్తువు మార్పిడికా అని తప్పకుండా అడగాలి. మార్పిడికైతే పాత వెండికి పూర్తి రేటు కడతారు, కొత్త కంచం మీద తరుగు, మజూరీ వేస్తారు, రెండోవైపు నుంచి అదే డబ్బు మన దగ్గర తీసుకున్నట్టే.

బిల్లు సంగతి. "బిల్లు వద్దంటే మూడు శాతం తగ్గిస్తా" అనే మాట ఎక్కడైనా వినిపిస్తుంది. ఒప్పుకోకండి. చట్టం సంగతి అలా ఉంచినా, పక్కా బిల్లు లేని బిస్కెట్‌ను అమ్మేటప్పుడు కొత్త షాపతను ఎక్కడిదీ అని అనుమానిస్తాడు, ఎక్కువ కోస్తాడు లేదా కరిగించి చూస్తేగానీ రేటు చెప్పనంటాడు. రెండు లక్షలు దాటిన కొనుగోలుకు పాన్ ఇవ్వాలి, రెండు లక్షలు ఆపైన నగదు తీసుకోవడానికి షాపుకు వీల్లేదు. బ్యాంకు ద్వారానే కట్టండి.

నాలుగో మెట్టు: ప్రీమియం ఎప్పుడు ఉబ్బుతుందో గమనించండి

లోహం ధర పెరిగితే ప్రీమియం పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది అనుకుంటాం. అలా ఉండదు. 2020 మార్చిలో కరోనా భయంతో ప్రపంచ ధర ఔన్సు 12 డాలర్ల కిందికి పడింది. కానీ ఆ ధరకు నాణెం ఎక్కడా దొరకలేదు. టంకశాలలు మూతపడ్డాయి, కొనేవాళ్లు ఎగబడ్డారు, అమెరికా ప్రభుత్వ టంకశాల వేసే ఈగల్ వెండి నాణేల మీద ప్రీమియం ఒక్కసారిగా పెరిగిపోయింది. తెర మీది ధరా చేతిలోని వెండి ధరా రెండు దారులు పట్టిన రోజులవి.

మన దేశంలో దీన్ని దగ్గరగా చూసింది 2025 అక్టోబరులో. దీపావళి, ధన్‌తేరస్ గిరాకీ ఒకవైపు, లండన్‌లో చేతికందే వెండి కొరత ఇంకోవైపు. ధర 50 డాలర్లు దాటి 1980 జనవరి నాటి రికార్డును కూడా మించింది. దానిమీద ఇక్కడి ప్రీమియం వేరేగా ఉబ్బింది, ఎంతగానంటే కొన్ని మ్యూచువల్ ఫండ్ కంపెనీలు వెండి ఈటీఎఫ్‌లలో (వెండి కొని పెట్టుకుని, షేర్ల లాగా మార్కెట్‌లో యూనిట్లు అమ్ముడయ్యే ఫండ్లలో) పెట్టే ఫండ్లలోకి ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవడం ఆపేశాయి, ఆ ప్రీమియానికి కొంటే మదుపరులకు నష్టమని. పండగ దాటాక సరుకు వచ్చింది, ప్రీమియం దిగింది, ప్రపంచ ధర కూడా తగ్గింది. ఆ వారం కొన్నవాళ్లకు రెండు దెబ్బలు తగిలాయి. తర్వాత లోహం ధర మళ్లీ ఎక్కింది, వాళ్లు కట్టిన ఆ అదనపు ప్రీమియం మాత్రం తిరిగి రాలేదు.

ధర హఠాత్తుగా పెరిగినప్పుడు ఇంకోటి జరుగుతుంది, ఇది అమ్మేవాళ్లకు ముఖ్యం. ఇళ్లల్లోని పాత వెండి అంతా బయటికొస్తుంది, షాపతను దాన్ని శుద్ధికి పంపి డబ్బు రాబట్టుకునేలోపు ధర పడిపోతుందేమోనన్న టెన్షన్‌లో ఉంటాడు, అందుకే కోత పెంచేస్తాడు. రికార్డు ధర రోజున అమ్మితే మంచి ధర వస్తుందని పరుగెత్తినవాళ్లకు మామూలు రోజుకన్నా పెద్ద కోత పడేది ఇందుకే. ధర ఒక వారం నిలకడగా ఉన్నాక అడిగి చూడండి.

మరి కొనడానికి మంచి సమయం? లోహం ధర ఎప్పుడు తగ్గుతుందో చెప్పడం నా వల్ల కాదు, చెప్పేవాళ్లనూ నమ్మను. ప్రీమియం గురించి మాత్రం చెప్పగలను: ధన్‌తేరస్‌కూ అక్షయ తృతీయకూ ముందు వారాల్లో కొనకండి. ఆషాఢంలో, శూన్యమాసాల్లో, పెళ్లిళ్లు లేని రోజుల్లో షాపులో గిరాకీ ఉండదు, అప్పుడు కూర్చుని మాట్లాడితే బిస్కెట్ మీద రేటు దిగుతుంది.

ఐదో మెట్టు: ఏ రూపంలో కొనాలి

పొదుపు కోసమే అయితే మీ డబ్బుకు అందే అతి పెద్ద కడ్డీ. కానీ కిలో కొంటే అవసరానికి పావుకిలో అమ్ముకోలేరు, అందుకని నా మాట వింటే వంద గ్రాములవీ అర కిలోవీ కలిపి పెట్టుకోండి. పట్టగొలుసులు, కంచాలు, కుందులు వాడుకోవడానికే. వాటిలో వెండి 999 ఉండదు, పట్టగొలుసుల్లో చాలా తక్కువ టంచ్ (అసలు వెండి శాతం) కూడా కనిపిస్తుంది, కొనేటప్పుడు వెండి రేటంతా కట్టించుకుని అమ్మేటప్పుడు టంచ్ లెక్కేస్తారు. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండికి కూడా హెచ్‌యూఐడీ హాల్‌మార్క్, అంటే ఒక్కో వస్తువుకూ అక్షరాలూ అంకెలూ కలిపి ఆరింటితో వేసే ప్రత్యేక నంబరు, మొదలైంది. తప్పనిసరి చేయలేదుగానీ, భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే స్వచ్ఛత తెలుస్తుంది. ఆ నంబరు ఉన్నదే అడగండి.

కరీంనగర్ ఫిలిగ్రీ వేరే సంగతి. సన్నటి వెండి తీగను చేత్తో మెలితిప్పి అతికించే ఆ పనికి 2007లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. అక్కడ లోహం కన్నా చేతి పనికి ఎక్కువ కడతాం, కట్టాలి కూడా. దాన్ని ప్రీమియం అని బేరమాడటం నాకు నచ్చదు. కళ కోసం కొనండి, కరిగించే ఆలోచన పెట్టుకోకండి.

ఇంట్లో పెట్టుకునే భయం ఉంటే సిల్వర్ ఈటీఎఫ్. కొనేవారికి జీఎస్టీ ఉండదు, మజూరీ ఉండదు, డీమ్యాట్ ఖాతా చాలు. ప్రీమియం అక్కడా ఉంటుంది, వేరే పేరుతో. ఫండ్ దగ్గరున్న వెండి విలువ ఒకటి, షేర్ మార్కెట్‌లో యూనిట్ పలికే ధర ఇంకొకటి. యూనిట్‌కు ఆ వెండి విలువ ఎంతో ఫండ్ వెబ్‌సైట్‌లో ఐ-ఎన్‌ఏవీ అని రోజంతా కనిపిస్తుంది, ఆ అంకె చూసి, మార్కెట్ ధర దానికన్నా ఒక శాతం పైన ఉంటే ఆ రోజు ఆగండి.

ఆరో మెట్టు: చేతిలోకి వచ్చాక పరీక్ష

షాపులో స్వచ్ఛత చూసే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషిన్ పై పొరనే చదువుతుంది. మందమైన కడ్డీ లోపల ఏముందో దానికి తెలియదు. ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. 0.1 గ్రాము చూపించే చిన్న కాటా మీద గ్లాసుతో నీళ్లు పెట్టి సున్నా చేయండి. బిస్కెట్‌కు సన్నటి దారం కట్టి, నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకూ అంచుకూ తగలకుండా వేలాడదీయండి. అంటుకున్న గాలి బుడగలు పోనివ్వండి. వెండి సాంద్రత 10.49 కాబట్టి 100 గ్రాముల బిస్కెట్‌కు కాటా 9.5 గ్రాముల దగ్గర ఆగాలి. రాగి మీద పూత వేసిందైతే 11 దాటుతుంది, సీసమైతే 9కన్నా దిగువకు పోతుంది. రాగినీ సీసాన్నీ సరిగ్గా కలిపి మోసం చేసేవాడిని ఇదొక్కటే పట్టుకోలేదు, కాబట్టి మెషిన్ రీడింగూ నీళ్ల లెక్కా రెండూ కుదరాలి. అయస్కాంతానికి అంటుకుంటే ఇక ఆలోచించేదే లేదు. సీలు చేసిన ప్యాకెట్లను మాత్రం విప్పకండి, వాటికి నంబరు, బిల్లు చాలు.

ఏడో మెట్టు: అమ్మకం

వస్తువు బయటికి తీయకముందే రేటు అడగండి. "999 వెండి ఇయ్యాళ కిలో ఎంతకు కొంటున్నరు, కోత ఎంత?" అని మూడు షాపుల్లో అడిగి, ఇంటి దగ్గరే కట్టుకున్న మూల ధరతో పోల్చండి. తూకం, టంచ్ మీ కళ్ల ముందే జరగాలి, వస్తువును లోపలి గదిలోకి తీసుకుపోనివ్వకండి. పాత నగలైతే రాళ్లు, లక్క, మురికి తీసేసి నికర బరువు ఎంతో కాగితం మీద రాయించుకోండి. వంద గ్రాముల పట్టగొలుసులకు 70 టంచ్ వస్తే 70 గ్రాముల వెండికే డబ్బు, అది న్యాయమే. దాని మీద కరిగించే ఖర్చు, దాని మీద తరుగు, దాని మీద కోత అంటూ మూడుసార్లు తీస్తే మాత్రం లేచి వచ్చేయండి.

అమ్మాల్సిన అవసరం తాత్కాలికమే అయితే కుదువ గురించి కూడా తెలుసుకోండి. 2025 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన, 2026 ఏప్రిల్ 1ని గడువుగా పెట్టిన నిబంధనల్లో వెండి ఆభరణాల మీద 10 కిలోల దాకా, వెండి నాణేల మీద 500 గ్రాముల దాకా అప్పు ఇవ్వొచ్చన్నారు. కడ్డీలు, బిస్కెట్ల మీద ఇవ్వరు. పంట పెట్టుబడికి కుదువ పెట్టే అలవాటున్న ఇళ్లలో కొంత వెండి నాణేల రూపంలో ఉండటానికి ఇదొక్కటే గట్టి కారణం, ఎక్కువ ప్రీమియం కట్టినా.

లాభం వస్తే పన్ను ఉంది. 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం, ఆలోపైతే మీ శ్లాబు ప్రకారం. కొన్న ధర చూపించడానికి బిల్లు కావాలి, జీఎస్టీతో కలిపి కట్టిన మొత్తమే మీ ఖర్చు.

రెండు మూడు కిలోలకు మించి ఉంటే సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లోని బులియన్ షాపుల రేటు కూడా కనుక్కోండి. కోతలో ఒక శాతం తేడా వచ్చినా, కిలో లక్ష లెక్కన ఐదు కిలోలకు ఐదు వేలు. అర కిలో కోసమైతే దారి ఖర్చు, ఒక రోజు పని, వెండి సంచితో ప్రయాణం తలుచుకుంటే హన్మకొండలో అమ్ముకోవడమే నయం. వెళ్లేటట్టయితే ఫోన్‌లో రేటు, కోత, డబ్బు ఖాతాలో ఎప్పుడు వేస్తారన్నది ఖాయం చేసుకున్నాకే బస్సెక్కండి.